పైకి దిగిరండి

శనివారం మార్నింగ్ షో ఇంటర్వెల్‌లో సోడా కోసం బయటికి వచ్చిన నూకరత్నం, పార్వతీశ్వర టాకీసు ఆఖరి మెట్టు మీంచి కాలు కింద పెట్టబోయి, కింద నేల లేదని గమనించి, కాలు వెనక్కి తీసుకుంటుంది.

నేల లేకపోలేదు. ఉంది. కాకపోతే కొబ్బరిచెట్టంత దిగువన ఉంది. సోడా బండి కూడా ఎప్పుడూ ఉండే చోటే ఉంది. బండివాడు తల పైకెత్తి, అరచెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని, "నిమ్మకాయా, ఉప్పాండీ?" అని అడుగుతాడు.

"ఉప్పే. కానీ ఎలా అందిస్తావు?"

"కలపడం వరకే నా పనండి. అందుకోడం మీ పని, ఆయ్."

హాలు రేవులో కట్టేసిన పడవలా మెల్లగా ఊగుతోంది. పునాదికి అంటుకున్న మట్టి పెళ్లలు పెళ్లలుగా రాలి సైకిల్ స్టాండులో పడుతోంది. గోడవారనున్న ఉమ్మెత్త మొక్క వేళ్లతో సహా లేచి వచ్చేసింది. వేళ్లు గాలిలో అటూ ఇటూ తడుముకుంటున్నాయి, చీకట్లో చెప్పులు వెతుక్కునే వాళ్లలాగ.

నూకరత్నం ఆశ్చర్యపోదు. కోపం మాత్రం తెచ్చుకుంటుంది. ఇది ఎవరి పనో ఆవిడకి తెలుసు. వాళ్లాయన పని.

వాళ్లాయన వరహాలరావు వారమంతా ఊరి జనం చేత బీమా పాలసీలు కట్టిస్తాడు. శుక్రవారం వచ్చేసరికి 'నిష్పక్షపాతి' అయిపోయి 'జిల్లా కేక' పత్రికకి సినిమా సమీక్ష రాస్తాడు. ఆ పత్రికలో పడ్డ మాట నలుగురి నోట్లో నానిందంటే జరక్కుండా ఉండదు. మల్లిడిపాలెంలో అందరికీ అలవాటైన సంగతే ఇది. కిందటేడు ఏదో సినిమా గురించి ఆయన 'బోల్తా కొట్టింది' అని రాస్తే పక్కూరి హాలు నిజంగానే బోల్తా కొట్టింది. ఇప్పటికీ అక్కడి జనం ఫ్యాన్ల మధ్య చాపలు పరుచుకుని కూచుంటారు. ఏడుపు సీన్లు తలకిందులుగా చూస్తే భలే నవ్వొస్తుందని ఆ హాలుకి గిరాకీ కూడా పెరిగింది. ఇంకోదానికి 'ప్రేక్షకుల్ని కట్టిపడేస్తుంది' అని రాశాడు. ఆ రోజు ఫస్టు షో జనానికి కట్లు విప్పేసరికి సెకండ్ షో వాళ్లు విసుక్కుని ఇళ్లకి పోయారు.

ఈ ఉదయం పత్రికలో మాత్రం చాలా చిన్న మాట పడింది. 'భారీ అంచనాలతో వచ్చిన మబ్బులోడు తేలిపోయింది.'

ఆ మాటని టాకీసు గేటు దగ్గర నిలబడి పైకి చదివినవాడు బుల్లెబ్బాయి. పేరుకే బుల్లి. మనవలున్నవాడు, ఆ బొమ్మ హీరోకి అభిమాన సంఘం అధ్యక్షుడు. పెళ్లికైనా చావుకైనా సంఘం నీలం తువ్వాలు మెడలో లేకుండా గడప దాటడు.

"తేలిపోయింది! ఇన్నారా? ఎగిరే మొనగాడి బొమ్మ తేలక మునుగుద్దా ఏంటి? రాసినోడు రాశాడ్రా!"

పత్రికకి దండేశారు. కటౌటు నెత్తిన పొయ్యాల్సిన పాలలోంచి ఓ చెంబుడు పత్రిక మీదా పోశారు. 'తేలిపోయింది, తేలిపోయింది' అంటూ డప్పులతో వీధి వీధీ తిరిగారు. అంతమంది నోట్లో అంతసేపు నానాక హాలు మాత్రం ఏం చేస్తుంది? తెర మీద మబ్బులోడు మొదటిసారి డాబా మీంచి దూకి గాలిలో నిలబడగానే, తనూ లేచింది. లోపలున్నవాళ్లు కడుపులో ఏదో ఖాళీ అయినట్టయ్యి, అది సంగీతం గొప్పతనం అనుకున్నారు.

నూకరత్నం లోపలికి వెళ్లి బుల్లెబ్బాయిని జబ్బ పట్టుకుని ఆపుతుంది.

"ఒరే తమ్ముడూ, అది పొగడ్త కాదురా. ఆయన భాషలో తేలిపోవడమంటే పనికిమాలిందని. తిట్టురా అది."

బుల్లెబ్బాయి తువ్వాలు సర్దుకుంటాడు.

"తిట్టయితే పడిపోవాలి గదక్కా. మనం లేత్తన్నాం."

ఆవిడ జబ్బ వదిలేస్తుంది.

ఈలోగా ముందు వరసల్లో గొడవ మొదలవుతుంది. పార్వతీశ్వర టాకీసులో నేల తరగతి అంటే నిజంగా నేలే. గచ్చు కూడా లేని మట్టి. ఆ మట్టి హాలుతో పాటు రాలేదు. ఊరి సొత్తు కనక ఊళ్లోనే ఉండిపోయింది. నేల టికెట్టు కొన్నవాళ్లు మాత్రం కూచున్న చోటే బాసింపట్టు వేసుక్కూచున్నారు. వాళ్ల మోకాళ్ల సందుల్లోంచి పెంకుటిళ్లూ, పంటకాలవా, కాలవలో గేదెలూ కనపడుతున్నాయి.

"నేల టికెట్టుకి నేలుండాలా, వద్దా?" అని ఒకడు లేచి నిలబడతాడు.

"అదుగో, ఉందిగా కింద. దూరంగా ఉంటే నేల కాకుండా పోద్దా?" అంటాడు బుల్లెబ్బాయి.

అడిగినవాడు వంగి చూసుకుని, నిజమే అనుకుని, కూచుంటాడు. వాడి పక్కనున్న మంగాయమ్మ అనే ముసలావిడకి కాళ్ల కింద తన ఇల్లే కనపడుతోంది. డాబా మీద ఎండబెట్టిన వడియాల దగ్గరికి కాకి వచ్చింది. "ఉష్! ఉష్!" అని ఆవిడ ఇక్కణ్ణించే చేతులూపుతోంది. కాకి పైకి చూసి, ఆవిడని గుర్తుపట్టి, తాపీగా తింటోంది.

అప్పుడు కింద తాసిల్దారు గారు వస్తారు. జీపు బానెట్టు మీదికెక్కి మైకు పట్టుకుంటారు.

"అభిమానులకి విజ్ఞప్తి. మీరంతా వెంటనే దిగిరావాలి. మాట మీద లేచిన హాలు మాట మీదే దిగుతుంది. 'నాకు నచ్చలేదు' అని ఒక్కొక్కరూ అనండి. అన్నవాళ్లు క్షేమంగా దిగుతారు. అందరూ అనేస్తే హాలూ దిగుతుంది. మ్యాట్నీకి వేరే బొమ్మ వేయిస్తాను. పాటలున్నది."

మొదట మంగాయమ్మే లేస్తుంది. "నచ్చకేం బాబూ, బానే ఉంది గానీ, ఒడియాలు పోతన్నాయి" అని సణుక్కుని, కళ్లు గట్టిగా మూసుకుని, "నాకు నచ్చలేదు" అంటుంది. ఆ అబద్ధం బరువుకి, నూతిలోకి వదిలిన చేదలా నెమ్మదిగా కిందకి దిగిపోతుంది. కాలు నేలకి ఆనగానే ఆవిడ మొహం నీళ్లు పెట్టి కడిగిన పలక అయిపోతుంది.

"బొమ్మెలా ఉంది మామ్మా?" అంటాడు సోడా బండివాడు.

"ఏం బొమ్మ నాయనా?" అంటుంది ఆవిడ.

పైనున్నవాళ్లు అది చూస్తారు. చూసి కూడా దిగేవాళ్లు దిగుతారు. కొట్టు తెరవాల్సిన వాడొకడు, పిల్లకి పాలివ్వాల్సిన తల్లొకర్తి, అల్లుడు వస్తాడని గుర్తొచ్చిన మామగారొకాయన. అందరూ బొమ్మకి చప్పట్లు కొట్టినవాళ్లే. ఒక్కొక్కరూ అనరాని మాట అని, బరువెక్కి, జారి, కింద కాలు పెట్టి, మొహం ఖాళీ చేసుకుని, ఇక్కడికెందుకొచ్చామా అనుకుంటూ వెళ్లిపోతున్నారు. వాళ్లు దిగినకొద్దీ హాలు తేలికై ఇంకాస్త పైకి పోతోంది.

"సత్తే సత్తాం గానీ నచ్చలేదని అనం!" అని బుల్లెబ్బాయి తువ్వాలు తిప్పుతాడు.

నూకరత్నం గుమ్మం పట్టుకుని నిలబడి, "నేను కూడా అనను" అని కిందకి కేకేస్తుంది.

"ఏముందమ్మా అంత అందులో?" అంటారు తాసిల్దారు గారు మైకులోనే, కాస్త జాలిగా.

ఏముందో చెబుదామని ఆవిడ నోరు తెరుస్తుంది. పెదవులు ఆడుతున్నాయి. చెయ్యి తిరుగుతోంది. మాట మాత్రం రావడం లేదు. సమీక్షలో రెండో వాక్యం ఒకటి ఉంది మరి. 'ద్వితీయార్ధంలో చెప్పుకోవడానికేమీ లేదు.' బుల్లెబ్బాయి మనుషులు దాన్ని కూడా డప్పు మీద పాడుకుంటూ తిరిగారు, అర్థం చూసుకోకుండా. రాసినవాడు తప్ప ఇక ఆ సగం గురించి ఎవరూ ఏమీ చెప్పుకోలేరు. చూపించాల్సిందే.

ఆవిడ చెప్పబోయింది ఇది. ద్వితీయార్ధంలో మబ్బులోడు అందర్నీ కాపాడి కాపాడి, అలసిపోయి, పైకి పైకి పోయి, మబ్బుల్లో దారి తప్పుతాడు. మంత్రులు మైకుల్లో పిలుస్తారు. పోలీసులు బాకాలూదుతారు. ఊరు ఊరంతా డాబాలెక్కి 'మబ్బులోడా, మబ్బులోడా' అని అరుస్తుంది. వాడికి వినపడదు. వాడి పెళ్లాం చేటలో బియ్యం ఏరుకుంటూ, తలైనా ఎత్తకుండా, ఇంట్లో మాట్లాడే గొంతుతోనే, "ఏవయ్యోయ్, చారు చల్లారిపోతంది" అంటుంది. అది వినపడుతుంది.

అంతే సీను. నిన్న మొదటి ఆటలో అక్కడ నూకరత్నానికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, పక్కన కూచున్న మొగుడి మోచెయ్యి పట్టుకుని కుదిపింది, ఇదుగో, ఇది చూడండీ అని. ఆయన గురక పెడుతున్నాడు.

నిద్రపోయినందుకు ఆవిడకి కోపం లేదు. మనిషన్నాక నిద్రొస్తుంది. ఇంటికొచ్చి, చొక్కా అయినా విప్పకుండా, బల్ల ముందు కూచుని, 'ఏమీ లేదు' అని రాసినందుకు కోపం. ఆవిడ ఏడ్చిన చోటుని ఆయన ఏమీ లేదన్నాడు. ఇప్పుడు నచ్చలేదని ఆ ఒక్క మాటా అనేసి దిగిపోతే, ఆవిడకీ ఏమీ లేకుండా పోతుంది.

వరహాలరావు గొడుగేసుకుని వస్తాడు. ఒక చేతిలో బీమా సంచి, చంకలో పత్రిక. జనం దారిస్తారు. ఆయన గొడుగు పక్కకి వంచి పైకి చూసి, గొంతు సవరించుకుంటాడు.

"ఏమే నూకాలూ! దిగు. అన్నాల వేళయింది."

"గిన్నెలో ఉంది, పెట్టుకు తినండి!"

"నలుగురూ చూస్తున్నారు. పరువు పోతోందే."

"మీదైతే అక్కడే ఎక్కడో పడుంటుంది, వెతుక్కోండి. నాది నా దగ్గరే ఉంది."

నేల తరగతి నుంచి ఒక ఈల. వరహాలరావు దాన్ని విననట్టు నటిస్తాడు.

"సరేనే. సవరణ చేస్తాను. ఇదుగో, మైకులోనే చెబుతా, జనం చేత అనిపిస్తా. సినిమా తేలిపోలేదు అని..."

"బావగోరూ!" బుల్లెబ్బాయి గుమ్మంలోంచి సగం బయటికి వేలాడతాడు. "అంత మాట అనకండి, మీకు దణ్ణం పెడతాను! ఇంతెత్తు మీంచి తేలకపోతే ఏమవుద్దో తెలవదా మీకు? బీమా కట్టిచ్చే మడిసి!"

వరహాలరావుకి తెలుసు. ఆ పాలసీలు కట్టించింది తనే. మైకు మూతి మీద చెయ్యి పెట్టేస్తాడు.

"పోనీ, 'ఒక్కసారి చూడొచ్చు' అని..."

"ఆమధ్య దేనికో అలాగే రాశారు" అంటుంది నూకరత్నం. "రెండోసారి వెళ్లినవాళ్లందరికీ తెర బదులు సున్నం గోడ కనపడింది. ఏవండీ, రాయడం ఆపి చూడండి. మీరు రాయొద్దని నేననడం లేదు. చూసి రాయమంటున్నా."

"చూశాను కదే!"

"ఇంటర్వెల్ దాకా."

"తర్వాత కూడా చూశాను. కళ్లు మూసుకుని ఆలోచిస్తూ చూశాను."

"గురక పెడుతూనా?"

కింద జనమంతా వరహాలరావు వైపు తిరుగుతారు. ఆయన గొడుగు కొంచెం కిందకి దించుకుంటాడు. మొహం కనపడదు. గొడుగు మాత్రం సిగ్గుపడుతున్నట్టు కనపడుతుంది.

తాసిల్దారు గారు కాగితాల మనిషి. ఆయనకి ఏ విషయమైనా తేలాలి.

"అమ్మా, అంటే ఈ వ్యవహారంలో దిగిరావలసింది ఈయనే అంటావు."

"అవునండి."

"కానీ ఈయన కిందే ఉన్నారు కదమ్మా. కిందున్న మనిషి ఇంకా ఎక్కడికి దిగుతాడు?"

నూకరత్నం ఆలోచించదు.

"అయితే పైకి దిగిరమ్మనండి!"

తాసిల్దారు గారు ఈ మాటని లోపల రెండు మూడుసార్లు తిప్పి చూసుకుంటారు. అందులో తప్పేమీ దొరకదు. "వరహాలరావు గారూ, మీరు పైకి దిగిరావాలి" అని మైకులో ప్రకటిస్తారు.

ఎలా దిగాలన్నది తర్వాత సంగతి. కొబ్బరికాయలు దింపేవాడి మోకు తెస్తారు, అందదు. పెళ్లి పందిళ్ల వాడి నిచ్చెన మీద నిచ్చెన కడతారు, సగంలోనే ఊగిపోతుంది. అందులోనూ వరహాలరావు భారీ మనిషి. దానికి తోడు రాసి రాసి, తీర్పులు చెప్పి చెప్పి, మోకాళ్లలో కూడా బరువు పేరుకుపోయింది.

నూకరత్నం ఆయన్ని పైనుంచి చూస్తూ ఉంటుంది. ఆయన నెత్తి మీద పలచబడ్డ జుట్టు ఇంట్లో ఎప్పుడూ ఇంత స్పష్టంగా కనపడలేదు. అప్పుడావిడకి తడుతుంది. అభిమాన సంఘం మైకు బుల్లెబ్బాయి చేతిలోంచి లాక్కుంటుంది.

"మల్లిడిపాలెం ప్రజలకి నమస్కారం. ఈ వారం సమీక్ష." ఆవిడ ఆయన గొంతునే పెడుతుంది. పెళ్లయిన దగ్గర్నుంచీ వింటున్న గొంతే కదా. "భారీ అంచనాలతో మా ఇంటికొచ్చిన మొగుడు వరహాలరావు గారు. ప్రథమార్ధం ఆహ్లాదంగా సాగింది. పాటలు లేకపోయినా మాటలు బాగున్నాయి. ద్వితీయార్ధంలో కథ నిద్రపోయింది. కళ్లు మూసుకుని తీర్పు చెప్పే ఘట్టంలో నటన మరీ తేలిక. మొత్తం మీద, ఇంతమంది ముందు, మా ఆయన తేలిపోయాడు!"

నేల తరగతి మొత్తం ఒకే నోరవుతుంది.

"తేలిపోయాడు! తేలిపోయాడు!"

బెంచీలు అందుకుంటాయి. బాల్కనీ అందుకుంటుంది. ఏ బొమ్మో గుర్తులేక నిలబడ్డ కింద జనం కూడా, ఇందులో నవ్వడానికి బొమ్మ గుర్తుండక్కర్లేదని గ్రహించి అందుకుంటారు. తాసిల్దారు గారి పెదవులు కూడా కదులుతున్నాయి. మైకు ఆన్‌లోనే ఉంది.

వరహాలరావు చెప్పులు ముందు తేలికవుతాయి. ఒకటి ఊడి సోడా బండి మీద పడుతుంది. తర్వాత మడమలు, మోకాళ్లు. గొడుగుతో సహా మనిషి లేస్తున్నాడు. గాలికి ఒక చుట్టు తిరుగుతాడు, ఇంకో చుట్టు తిరుగుతాడు, పత్రిక చంకలోంచి జారిపోతుంది. "ఇది అన్యాయమైన సమీక్ష!" అంటున్నాడు. "మనిషిని పూర్తిగా చూడకుండా..." అని, ఏమంటున్నాడో తనకే వినపడి, ఆగిపోతాడు.

నూకరత్నం మణికట్టు పట్టుకుని ఆయన్ని లోపలికి లాగుతుంది.

"నాకు బాల్కనీ పాసుంది" అంటాడు ఆయన ఆయాసపడుతూ.

"బాల్కనీలో నిద్దరొస్తుంది. పదండి."

తీసుకెళ్లి నేల తరగతిలో కూచోబెడుతుంది. ఆయన కాళ్ల కింద చూసుకుంటాడు. పంటకాలవ దారంలా ఉంది. గేదెలు ఆవగింజల్లా ఉన్నాయి.

"నూకాలూ, కింద ఏమీ లేదే!"

"కిందకెందుకు చూస్తారు? ముందుకి చూడండి. అందుకేగా తెచ్చింది."

బొమ్మ పడుతుంది. హాల్లో దీపాలార్పకుండానే చీకటవుతుంది, చీకటికి కూడా చూడాలని ఉన్నట్టు. మబ్బులోడు వంతెన మోస్తాడు, రైలు మోస్తాడు, ఎన్నికల్లో ఓడిపోయిన వాణ్ణి కూడా మోస్తాడు. నేల తరగతి ఈలలకి గేదెలు తలెత్తుతున్నాయి. వరహాలరావు ఆవలిస్తాడు. నూకరత్నం ఆయన తొడ మీద గిచ్చుతుంది. మళ్లీ ఆవలిస్తాడు. మళ్లీ గిచ్చుతుంది. బుల్లెబ్బాయి వెనక నుంచి వంగి, "నన్ను గిచ్చమంటారా అక్కా, మీ ఏళ్లు నొప్పెడతాయి" అంటాడు.

ఆ సీను వస్తుంది. మంత్రులు పిలుస్తారు. బాకాలు మోగుతాయి. చేటలో బియ్యం కదులుతున్న చప్పుడు.

నూకరత్నం తెర వైపు చూడదు. మొగుడి మొహం వైపు చూస్తుంది. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. తెర మీది వెలుగు ఆయన కళ్లద్దాల్లో చిన్న చిన్న మబ్బులై కదులుతోంది. "ఏవయ్యోయ్, చారు చల్లారిపోతంది" అన్న మాట వినపడగానే ఆయన మెడ, తనకి తెలియకుండానే, కొంచెం పక్కకి తిరుగుతుంది. తననే ఎవరో పిలిచినట్టు.

కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకుంటాడు.

"దుమ్మా?" అంటుంది ఆవిడ.

"ఇంతెత్తున దుమ్మెక్కడిదే?" అంటాడు ఆయన.

బొమ్మ అయిపోతుంది. ఎవరూ లేవడం లేదు. లేచి వెళ్లడానికి ఊరు లేదు. హాల్లో ఉన్న ప్రతి తలా వరహాలరావు వైపు తిరిగి ఉంది. కింద తాసిల్దారు గారు మైకుని చెవికి పెట్టుకున్నారు, అది వినడానికి కూడా పనికొస్తుందేమోనని.

"ఎలా ఉంది?" అంటుంది నూకరత్నం.

ఆయనకి ఎప్పుడూ అలవాటైన మాటలన్నీ నోటి దాకా వచ్చి, ఆయన మొహం చూసి, వెనక్కి వెళ్లిపోతున్నట్టున్నాయి.

"బాగోలేదే" అంటాడు చివరికి.

బుల్లెబ్బాయి నెత్తిన తువ్వాలేసుకుంటాడు.

"పూర్తిగా చూశాను. ఒక్క క్షణం కూడా కళ్లు మూయలేదు. అయినా బాగోలేదు. ఆ రైలు ఎందుకు మోశాడో తెలియదు. అంతమంది అరిస్తే వినపడనివాడికి ఆవిడ సణుగుడు ఎలా వినపడుతుందో తెలియదు."

"మీకు వినపడింది. మెడ తిప్పారు."

"తిప్పాను." ఆయన ఒప్పుకుంటాడు. "తిప్పినంత మాత్రాన బాగున్నట్టేనా? నువ్వెక్కడ ఏడ్చావో చూశాను. అక్కడ ఏదో ఉంది. ఏమీ లేదనడం తప్పు. కానీ బొమ్మ బాగోలేదు."

ఏమీ లేదన్న మాట ఆయన నోటితోనే రద్దయింది. ఇందాకటి నుంచీ రాని మాట నూకరత్నానికి ఇప్పుడొస్తుంది.

"నాకు బాగుంది" అంటుంది. హాలు మారుమోగుతుంది. "చేటలో బియ్యం ఏరుతూ పిలవడం బాగుంది. తల ఎత్తకపోవడం మరీ బాగుంది. మీరు పక్కన కూచుని బాగోలేదన్నా బాగుంది. మీ పత్రిక, జిల్లా మొత్తం, మీదు మిక్కిలి ఆ మైకు, అంతా బాగోలేదన్నా నాకు బాగుంది!"

ఆయన అన్నది అబద్ధం కాదు కనక ఆయన కిందకి జారిపోడు. నిజం కనక ఆయన కూచున్న వైపు హాలు కొంచెం వంగుతుంది. ఆవిడ అన్నదీ నిజమే కనక ఆవిడ వైపు కొంచెం లేస్తుంది. ఇద్దరూ పక్కపక్కన ఉంటే కుదరడం లేదని ఆయన లేచి ఆపరేటరు గది వైపుకి నడుస్తాడు, ఆవిడ తెర దగ్గరికి నడుస్తుంది. నేల తరగతి ఆవిడ వెంట వెళుతుంది. బెంచీల్లోంచి ఒక్కొక్కరే, బుల్లెబ్బాయి మొహం చూడకుండా, "ఆ రైలు మోత నాకూ సాగినట్టే ఉందిలే" అంటూ ఆయన వైపు జేరుతారు. అభిమానులే. నిజం చెబుతున్నారు కనక ఎవరి మొహమూ ఖాళీ అవడం లేదు.

"బాగోలేదు!" అంటాడు వరహాలరావు.

ఆయనున్న చివర దిగిపోయి, పక్కనే ఆగి ఉన్న నల్లమబ్బులో మునుగుతుంది.

"బాగుంది!" అంటుంది నూకరత్నం.

మునిగిన ఆ చివరే మళ్లీ లేస్తుంది, నిండా నీళ్లతో.

ఇది ఏతం. పూర్వం చేలకి నీళ్లు తోడుకున్న ఏతమే. కాకపోతే దుంగ బదులు టాకీసు. బుల్లెబ్బాయికి వాళ్ల తాత ఏతం మీద అటూ ఇటూ నడిచి తొక్కడం చూసిన గుర్తుంది. తువ్వాలు నడుముకి బిగించి, హాలు మధ్య నడవాలో ఇటు నాలుగడుగులూ అటు నాలుగడుగులూ నడవడం మొదలుపెడతాడు. సంఘం మొత్తం అతని వెనక నడుస్తుంది, పాట కట్టుకుని, పాదం కలుపుకుని. ఎవరి పక్షం వాళ్లదే. నడక మాత్రం ఒకటే.

"బాగోలేదంటున్నా కదే!"

"బాగుందంటున్నా కదండీ!"

మబ్బు నీళ్లు హాలు పొడుగునా పరిగెత్తుకొచ్చి, ఆపరేటరు ఆర్పడం మరిచిపోయిన ప్రొజెక్టరు వెలుగులోంచి దూకి, దాని రంగంతా పట్టుకుని, నేల లేని నేల తరగతిలోంచి ఊరి మీదికి కురుస్తున్నాయి.

కింద జనం గొడుగులు ముయ్యరు, విప్పరు. దోసిళ్లు పడుతున్నారు. ప్రతి దోసిట్లో బొమ్మ ఆడుతోంది. ఒకడి దోసిట్లో రైలు, ఒకడి దోసిట్లో వంతెన. మంగాయమ్మ దోసిట్లో ఆవగింజంత ఆడమనిషి బియ్యం ఏరుతోంది. "చారు చల్లారిపోతందంట!" అని ముసలావిడ పడీ పడీ నవ్వి, వేళ్ల సందుల్లోంచి కారిపోతున్న మబ్బులోణ్ణి రెండో చేత్తో అందుకుంటోంది. అప్పుడే వాళ్లలో వాళ్లకి బాగుందనీ బాగోలేదనీ తగువులు మొదలయ్యాయి, ఎవరి దోసిలి వాళ్లు చూపించుకుంటూ.

తాసిల్దారు గారు జీపు వెనక్కి వెళ్లి, అటూ ఇటూ చూసి, తన దోసిలి ఎవరికీ కనపడకుండా గటగటా తాగేసి, మళ్లీ పట్టుకుంటున్నారు. ఆయన మూసుకున్న పెదవుల సందులోంచి సన్నగా నీలం వెలుగు బయటికొస్తోంది.